యూరప్ సహజ ఆవాసాల మ్యాపు: తరచుగా అడిగే ప్రశ్నలు

జియోఇన్ఫర్మేటిక్స్, ఎకాలజీ చదవడానికి యూరప్ వచ్చిన మన పిల్లలు, హైదరాబాద్‌లో యూరప్ ప్రాజెక్టులకు మ్యాపులు గీసేవాళ్లు నన్ను అడిగే సందేహాలు చాలా ఏళ్లుగా దాదాపు అవే. ఒక్కొక్కరికీ విడివిడిగా రాసే బదులు అన్నీ ఒకచోట పెడుతున్నాను. పని జరిగే వరుసలోనే ప్రశ్నలు పెట్టాను కానీ, ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగా ఉంటుంది. మీకు కావాల్సిన చోటికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఆవాసం అంటే అడవేనా? అందులో "సహజ" అంటే ఏంటి?

అడవి ఒక రకం మాత్రమే. ఒకచోటి నేల, నీరు, ఎండ, చలి, అక్కడ కలిసి పెరిగే మొక్కలు, వాటిని నమ్ముకుని బతికే జీవులు, ఇవన్నీ కలిస్తే ఒక ఆవాసం. సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బ ఆవాసమే. బండరాళ్ల సందుల్లో మొక్కలు మొలిచే సున్నపురాతి నేలా, వేసవికి ఎండిపోయే చిన్న మడుగూ ఆవాసాలే.

"సహజ" అనే మాటను యూరప్‌లో కొంచెం విశాలంగా తీసుకోవాలి. స్పెయిన్‌లో దెహెసా, పోర్చుగల్‌లో మొంతాడో అని పిలిచే ఓక్ చెట్ల మేత భూములున్నాయి. మధ్య యూరప్‌లో ఏటా గడ్డి కోసే పచ్చికలున్నాయి. ఇవి వందల ఏళ్లుగా మనిషి చేతి మీదుగానే నిలిచాయి. కోత, మేత ఆపేస్తే కొన్నేళ్లలో పొదలు కమ్మేస్తాయి, అక్కడి పూలూ సీతాకోకచిలుకలూ పోతాయి. అందుకే యూరప్ చట్టం వీటిని కూడా కాపాడాల్సిన ఆవాసాల్లోనే చేర్చింది.

ల్యాండ్ కవర్ మ్యాపు ఉంది కదా, మళ్లీ ఆవాసాల మ్యాపు ఎందుకు?

ల్యాండ్ కవర్ మ్యాపు నేల మీద ఏం పరుచుకుని ఉందో చెబుతుంది: గడ్డి, చెట్లు, నీళ్లు, ఇళ్లు. ఆ గడ్డి ఎలాంటి గడ్డి అన్నది ఆవాసాల మ్యాపు చెప్పాలి.

రెండు పచ్చికలు పక్కపక్కనే ఉన్నాయనుకోండి. ఒకదాంట్లో రైగ్రాస్ విత్తి, ఏటా ఎరువు చల్లి, పశువుల మేత కోసం నాలుగైదు సార్లు కోస్తారు. అది నిగనిగలాడుతూ ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుని చూస్తే నాలుగైదు రకాల మొక్కలు దొరకడం కూడా కష్టం. రెండోది ఎరువు ఎరగని పాత కోత పచ్చిక. దూరం నుంచి కాస్త వెలిసిపోయినట్టు, గోధుమ రంగు కలిసినట్టు ఉంటుంది. దగ్గరికి వెళ్లి ఆకులు విడదీస్తే ఒక దాని కింద ఒకటి పది రకాల ఆకులు బయటపడతాయి. చెక్, స్లొవాకియా సరిహద్దులోని వైట్ కార్పేథియన్ కొండల్లో ఇలాంటి పచ్చికల్లో 16 చదరపు మీటర్ల స్థలంలో వందకు పైగా మొక్క జాతులు లెక్కపెట్టారు. మన ఇళ్లలో ఒక మామూలు గదంత చోటు అది.

పై నుంచి చూస్తే మొదటిదే పచ్చగా ఉంది కాబట్టి అదే మంచిదనిపిస్తుంది. నిజం దానికి తలకిందులు. ఈ తేడా కోసమే ఆవాసాల మ్యాపు.

ఒక్కో దేశం తన మ్యాపు తాను వేసుకుంటే చాలదా? ఖండం మొత్తానికి ఎందుకు?

చాలా దేశాలు వేసుకున్నాయి, బాగా వేసుకున్నాయి. వాటిని పక్కపక్కన పెట్టినప్పుడే చిక్కు వస్తుంది. పోలండ్, బెలారుస్ మధ్య బియావోవియెజా అడవి ఒకటే. రొమేనియా, ఉక్రెయిన్ మధ్య డాన్యూబ్ డెల్టా ఒకటే. రెండు వైపులా వర్గాల పేర్లు వేరు, గీత ఎక్కడ గీయాలన్న పద్ధతి వేరు. రెండు మ్యాపులు అతికిస్తే సరిహద్దు కంచె దగ్గర ఆవాసమే మారిపోయినట్టు కనిపిస్తుంది.

రెండో కారణం ఇంకా ముఖ్యం. ఒక దేశంలో మామూలుగా కనిపించేది ఖండం మొత్తంలో అరుదు కావచ్చు. స్వీడన్‌లోని ఓలాండ్ దీవిలో ఉండేవాళ్లకు ఆల్వార్, అంటే పలచని మట్టి పొర ఉన్న సున్నపురాతి మైదానం, ఇంటి వెనకాల ఉన్న నేల. ఖండం మ్యాపులో అది కొద్ది చుక్కలే. ఆ చుక్కల బాధ్యత ఎవరిదో ఖండం మ్యాపు చూస్తేనే తెలుస్తుంది.

ఈ పని ఎప్పటి నుంచి జరుగుతోంది?

మొక్కల సమూహాలను పద్ధతిగా నమోదు చేయడం స్విస్ వృక్షశాస్త్రవేత్త జోసియాస్ బ్రౌన్-బ్లాంకే కాలం నుంచి గట్టిగా నిలబడింది. ఆయన పాఠ్యగ్రంథం 1928లో వచ్చింది. 1985లో యూరోపియన్ కమ్యూనిటీ, సభ్య దేశాల పర్యావరణ సమాచారాన్ని ఒకే పద్ధతిలో పోగుచేసే కోరిన్ కార్యక్రమం మొదలుపెట్టింది. 1992లో ఆవాసాలను కాపాడే యూరప్ చట్టం, హ్యాబిటాట్స్ డైరెక్టివ్, వచ్చాక మ్యాపు వేయడం దేశాలకు చట్టపరమైన అవసరమైంది. 2015లో నేలను ఫొటో తీసే యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 పైకి వెళ్లాక పని వేగమే మారిపోయింది.

## పేర్లు, వర్గాలు

యూనిస్, కోరిన్, అనెక్స్ వన్, మూడు పేర్లు చూస్తేనే టెన్షన్ వస్తోంది. తేడా ఏంటి?

మూడూ మూడు అవసరాల కోసం పుట్టాయి. అది గుర్తుంటే గందరగోళం ఉండదు.

కోరిన్ ల్యాండ్ కవర్ నేల వాడకాన్ని 44 వర్గాలుగా చూపే మ్యాపు. 1990 స్థితితో మొదలై 2000, 2006, 2012, 2018 సంవత్సరాలకు వచ్చింది. ఇందులో పట్టణాలు, పొలాలు, రోడ్లు కూడా ఉంటాయి.

యూనిస్ అనేది ఆవాసాల వర్గీకరణ. కోపెన్‌హేగెన్‌లోని యూరోపియన్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ దీన్ని నడుపుతుంది. ఇది మ్యాపు కాదు, ఒక పేర్ల చెట్టు. పెద్ద కొమ్మ నుంచి చిన్న కొమ్మకి దిగుతూ పోవాలి. దీన్ని ఈమధ్య సవరించారు కాబట్టి ఒక జాగ్రత్త చెప్పాలి: పాత రిపోర్టుల్లో అడవుల కోడ్ "జి"తో మొదలవుతుంది, కొత్తదాంట్లో "టి"తో. గడ్డి భూములు అప్పుడు "ఇ", ఇప్పుడు "ఆర్". మీ డేటా ఏ వెర్షన్‌దో చూడకుండా రెండు టేబుళ్లు కలపొద్దు.

అనెక్స్ వన్ అనేది హ్యాబిటాట్స్ డైరెక్టివ్‌కి జతచేసిన జాబితా. కాపాడాల్సిన 233 ఆవాస రకాలు అందులో ఉన్నాయి. ఉదాహరణకి 6510 అంటే పల్లపు ప్రాంతాల కోత పచ్చిక, 7110 అంటే ఇంకా పెరుగుతున్న పీట్ చిత్తడి (పూర్తిగా కుళ్లని మొక్కలు పొరలుగా పేరుకున్న తడి నేల). ఈ జాబితాలో లేని ఆవాసం ప్రకృతిలో లేదని కాదు, చట్టం పేరు పెట్టి పట్టించుకోలేదని అర్థం.

"పొటెన్షియల్ నేచురల్ వెజిటేషన్" మ్యాపు దొరికింది. అదే ఇప్పటి పరిస్థితి అనుకోవచ్చా?

అనుకోకూడదు. మనిషి ఈ రోజు చేయి తీసేస్తే, ఇప్పటి నేల, వాతావరణాలకు చివరికి ఏ మొక్కలు నిలుస్తాయో ఊహించి వేసిన మ్యాపు అది. ఈ ఆలోచనను 1956లో జర్మన్ శాస్త్రవేత్త రైన్‌హోల్డ్ ట్యూక్సెన్ ముందుకు తెచ్చారు. యూరప్ మొత్తానికి 1:25,00,000 స్కేలులో అలాంటి మ్యాపు ఉంది. అందులో డెన్మార్క్, జర్మనీ చాలావరకు బీచ్ (ఇది ఆకురాల్చే చెట్టు పేరు, సముద్రపు ఒడ్డు కాదు), ఓక్ అడవులుగా కనిపిస్తాయి. నిజంగా వెళ్లి చూస్తే గోధుమ పొలాలు, ఊళ్లు.

ఎక్కడ ఏ అడవిని పునరుద్ధరించవచ్చో ఆలోచించడానికి ఇది మంచి సాయం. కానీ దీన్ని పట్టుకుని పాత పచ్చికల్లో చెట్లు నాటడం నాకు నచ్చదు. ఊహలో ఉన్న అడవి కోసం కళ్లెదుట ఉన్న ఆవాసాన్ని పోగొట్టుకోవడం అవుతుంది.

మొక్కల జాబితా ఇస్తే కంప్యూటరే ఆవాసం పేరు చెప్తుందా?

చాలావరకు చెప్తుంది. యూనిస్ వర్గాలకు ఒక ఎక్స్‌పర్ట్ సిస్టమ్‌ను 2020లో ప్రచురించారు. ఏ జాతుల గుంపు ఉండాలి, ఎంత స్థలం కప్పాలి, ఏ ప్రాంతంలో, ఎంత ఎత్తులో ఉండాలి అనే నిబంధనలు అందులో రాసి ఉంటాయి. దాని గొప్పతనం తెలివిలో కంటే నిలకడలో ఉంది. పోర్చుగల్‌లో వేసిన జాబితాకీ ఎస్తోనియాలో వేసిన జాబితాకీ ఒకే కొలబద్ద పెడుతుంది. రెండు ఆవాసాలు కలిసే అంచుల్లో, ఈమధ్యే చెడిపోయిన చోట్లలో మాత్రం పేరు రాకుండా వదిలేస్తుంది. వదిలేసిన వాటిని బలవంతంగా ఏదో ఒక వర్గంలో తొయ్యకండి.

## నేల మీద

ఫీల్డ్‌లో ప్లాట్ ఎలా వేస్తారు? ఎంతసేపు పడుతుంది?

పచ్చికలో అయితే నాలుగు మేకులు, ఒక తాడు. వైపుకి 4 మీటర్లు, అంటే 16 చదరపు మీటర్లు. అడవిలో 100 నుంచి 400 చదరపు మీటర్ల దాకా తీసుకుంటారు. లోపల ఉన్న ప్రతి మొక్క జాతినీ రాయాలి. ప్రతిదాని పక్కనా అది ఎంత నేల కప్పిందో బ్రౌన్-బ్లాంకే అంకె వేయాలి: 5 అంటే మూడొంతులకు పైగా, 4 అంటే సగం నుంచి మూడొంతులు, 3 అంటే పావు నుంచి సగం, 2 అంటే 5 శాతం నుంచి పావు దాకా. అంతకంటే తక్కువైతే 1, లేదా కూడిక గుర్తు. ఎక్కడో ఒక్క మొక్క కనిపిస్తే "ఆర్".

మొదట నిలబడి చూసి పెద్దవి రాస్తారు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, గడ్డి పక్కకి తోసి, అడుగున ఉన్నవి రాస్తారు. జాబితాలో సగం ఆ రెండో విడతలోనే వస్తుంది. మొక్కలు తెలిసినవాళ్లకు మంచి పచ్చికలో గంట పడుతుంది, కొత్తవాళ్లకు పూట గడిచిపోతుంది.

ప్లాట్ వేసే చోటు అంతా ఒకేలా ఉండాలి. నా మొదటి ప్లాట్లలో ఒకటి అర మీటరు కాలువ గట్టు మీదికి ఎక్కింది. తడి నేల మొక్కలు, పొడి నేల మొక్కలు ఒకే జాబితాలో కలిసిపోయాయి. తిరిగొచ్చి చూస్తే అది ఏ ఆవాసమూ కాలేదు. ఒక పూట పని వృథా అయింది. అప్పటి నుంచి తాడు కట్టే ముందు చుట్టూ ఒకసారి నడవడం అలవాటు చేసుకున్నాను.

యాభై ఏళ్ల కింద వేసిన ప్లాట్ల డేటా వాడొచ్చా?

వాడొచ్చు, వాడాలి. యూరోపియన్ వెజిటేషన్ ఆర్కైవ్ అనే ఉమ్మడి నిధిలో 2015 నాటికే 10 లక్షలకు పైగా ప్లాట్లు చేరాయి. తరతరాల వృక్షశాస్త్రవేత్తల మోకాళ్ల కష్టం అది.

వాడేముందు మూడు విషయాలు చూడండి. జీపీఎస్ రాకముందు ప్లాట్లకు ఊరి పేరు, కొండ పేరు మాత్రమే ఉండొచ్చు. చోటు కిలోమీటరు అటూ ఇటూ అయితే ఉపగ్రహ ఇమేజ్‌లోని 10 మీటర్ల పిక్సెల్‌తో (ఒక చిన్న గడితో) జత చేయడం అర్థం లేని పని. రెండు, 1960లో పచ్చిక అని రాసిన చోట ఇప్పుడు మొక్కజొన్న ఉండొచ్చు. మూడు, శాస్త్రవేత్తలు కూడా మనుషులే. అందంగా ఉన్న చోట్లకీ, తమ యూనివర్సిటీ చుట్టుపక్కల చోట్లకీ ఎక్కువ వెళ్లారు. ఎవరూ వెళ్లని చోటు ఖాళీగా ఉంటే అక్కడ ఆవాసం లేదని లెక్కకట్టకండి.

పీట్ చిత్తడిని నేల మీద ఎలా గుర్తుపడతారు?

మన వైపు లేని ఆవాసం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. చల్లటి, తడి ప్రాంతాల్లో చచ్చిన మొక్కలు పూర్తిగా కుళ్లవు. పొర మీద పొర పేరుకుని మెత్తటి గోధుమ రంగు పీట్ అవుతుంది. సుమారుగా ఏడాదికి ఒక మిల్లీమీటరు. కింద 5 మీటర్ల పీట్ ఉందంటే మీరు ఐదు వేల ఏళ్ల మీద నిలబడ్డారని అర్థం.

అడుగు వేస్తే నేల పరుపులా దిగుతుంది. పైన స్ఫాగ్నమ్ అనే నాచు ఉంటుంది. గుప్పెడు తీసి పిండితే మన ఇంట్లో స్పాంజ్ పిండినట్టు నీళ్లు కారతాయి. ఎండిన బరువుకి పదిహేను ఇరవై రెట్ల నీళ్లు పట్టుకోగలదు ఆ నాచు. సన్నటి ఇనుప చువ్వను కిందికి గుచ్చి పీట్ లోతు కొలుస్తారు. మెల్లగా దిగుతూ పోయి, గట్టి నేల తగలగానే చేతికి టక్కున తెలుస్తుంది.

అక్కడితో అయిపోలేదు. వాన నీటి మీదే బతికేది ఒక రకం, భూగర్భ జలం అందేది ఇంకో రకం. మొదటిదాని నీళ్లు బాగా పుల్లగా ఉంటాయి, మొక్కల రకాలు తక్కువ. కాలువలు తవ్వి నీళ్లు లాగేసిన చిత్తడి కూడా పై నుంచి దాదాపు అలాగే కనిపిస్తుంది. నాచు పెరుగుతోందా, ఆగిపోయిందా అన్నది వంగి చూసినవాళ్లకే తెలుస్తుంది.

## ఆకాశం నుంచి

సెంటినెల్-2 ఇమేజ్‌లు ఉచితంగా, 10 మీటర్లలో వస్తున్నాయి. ఇంకా కష్టమేముంది?

ఆ ఇమేజ్‌లు నిజంగా వరమే. రెండు ఉపగ్రహాలు కలిపి ఐదు రోజులకోసారి అదే చోటు చూస్తాయి, 13 బ్యాండ్లలో, అంటే 13 రకాల వెలుగులో. కానీ 10 మీటర్లు నాలుగు బ్యాండ్లకే, మిగతావి 20 లేదా 60 మీటర్లు.

ఒక్క 10 మీటర్ల పిక్సెల్ అంటే 100 చదరపు మీటర్లు. సున్నం పేరుకునే ఊట బుగ్గలు యూరప్‌లో చట్టం కాపాడే ఆవాసం. చాలాచోట్ల అవి కొన్ని మీటర్లే ఉంటాయి. మధ్యధరా ప్రాంతపు తాత్కాలిక మడుగులు వసంతంలో కొన్ని వారాలు నీళ్లతో ఉండి తర్వాత మామూలు నేలలా కనిపిస్తాయి. వీటిని పిక్సెల్ పట్టుకోలేదు. పైగా వేరు వేరు మొక్కల గుంపులు ఒకే రంగు వెలుగు వెనక్కి పంపుతాయి. ఉత్తరాన, సముద్రం పక్కన మేఘాలు వారాల తరబడి కదలవు. అప్పుడు సెంటినెల్-1 రాడార్ సాయం తీసుకుంటారు. అది మేఘాల్లోంచి చూడగలదు, నేలలో తడిని కూడా కొంత పసిగడుతుంది.

ఏ నెల ఇమేజ్ తీసుకుంటే మంచిది?

ఒక్క నెల తీసుకోకండి. ఏడాది పొడవునా తీసుకోండి.

శీతాకాలంలో బీచ్ అడవి మోడువారుతుంది, స్ప్రూస్ అడవి పచ్చగానే ఉంటుంది. ఎండాకాలం ఒక్కటే చూస్తే రెండూ చిక్కటి ఆకుపచ్చే. దక్షిణ స్పెయిన్ పచ్చిక మార్చిలో పచ్చగా, జూలైలో గడ్డివాము రంగులో ఉంటుంది. ఉత్తర ఫిన్లాండ్‌లో జూన్‌కి ముందు చూస్తే మంచే కనిపిస్తుంది. పచ్చికల్లో అయితే కోతల తేదీలే గుర్తు. ఏడాది పచ్చదనాన్ని ఒక గీతగా గీస్తే, ఎరువు వేసిన పచ్చిక గీత మే నుంచి పదే పదే పడిపోయి లేస్తుంది, పాత కోత పచ్చికది ఆలస్యంగా ఒకటి రెండు సార్లే పడిపోతుంది. ఆ గీత చూసి రెండింటినీ విడదీస్తాం.

నల్లమల తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఆకురాల్చే ఆ అడవిని మార్చిలో ఇమేజ్‌లో చూసి "అడవి పోయింది" అంటే ఎంత పొరపాటో, అక్టోబర్‌లో చూసినవాళ్లకు తెలుసు.

మోడల్ రన్ చేస్తే మ్యాపు వచ్చేస్తోంది కదా, ఫీల్డ్ ఖర్చు ఎందుకు?

వాతావరణం, నేల, ఎత్తు, తెలిసిన ప్లాట్లు ఇస్తే మోడల్ ఇచ్చేది అనుకూలత. ఈ చోటు ఆ ఆవాసానికి సరిపడుతుంది అని చెబుతుంది, ఉందని కాదు. వరి పండే నేలంతా వరి మడి కాదు కదా. ఇమేజ్ డేటా కలిపితే ఈ దూరం తగ్గుతుంది, పోదు. అసలు మోడల్‌కి పాఠం చెప్పేదే ఫీల్డ్ ప్లాట్లు. అవి ఆపేస్తే మోడల్ పాత పాఠాన్నే తిప్పి తిప్పి అప్పజెబుతుంది.

ఏ ప్రొజెక్షన్ వాడాలి? గూగుల్ మ్యాప్స్ వాడేది సరిపోదా?

ప్రొజెక్షన్ అంటే గుండ్రటి భూమిని చదునైన మ్యాపులోకి తెచ్చే పద్ధతి. విస్తీర్ణం లెక్కించేటప్పుడు గూగుల్‌ది సరిపోదు. వెబ్ మ్యాపులు వాడే మెర్కేటర్ పద్ధతిలో ఉత్తరానికి పోయేకొద్దీ నేల ఉబ్బుతుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర, అంటే హెల్సింకి, ఓస్లోల దగ్గర, విస్తీర్ణం సుమారు నాలుగు రెట్లు కనిపిస్తుంది. హైదరాబాద్ దగ్గర పది శాతమే ఎక్కువ, అందుకే మన దగ్గర పనిచేసినవాళ్లకు ఈ పొరపాటు కంటికి ఆనదు. యూరప్‌కి సమ విస్తీర్ణ ప్రొజెక్షన్ ఉంది: ఈటీఆర్ఎస్ 89 లాంబర్ట్ అజిమ్యుథల్, కోడ్ ఈపీఎస్‌జీ 3035.

"కనీస మ్యాపింగ్ యూనిట్ 25 హెక్టార్లు" అంటే నాకేంటి?

25 హెక్టార్లంటే దాదాపు 62 ఎకరాలు. కోరిన్ మ్యాపులో అంతకంటే చిన్న ముక్క విడిగా కనిపించదు, పక్కదాంట్లో కలిసిపోతుంది. వెడల్పు 100 మీటర్లు లేని పట్టీ కూడా రాదు. వాగుల వెంట సన్నగా పెరిగే ఆల్డర్ చెట్ల వరస ఎంత పొడవున్నా మాయమవుతుంది. మన ఊళ్లో 62 ఎకరాల లోపు ఉన్న కుంటలు, గుట్టలు, తోపులు తీసేసి ఊరి మ్యాపు వేస్తే ఏం మిగులుతుందో ఊహించుకోండి. ఆ మ్యాపు అబద్ధం కాదు. దాని చూపు అంతవరకే. చిన్న ఆవాసాల విస్తీర్ణం దాన్నుంచి లెక్కకట్టొద్దు.

## మ్యాపు చేతికొచ్చాక

10 కిలోమీటర్ల గడి నిండా రంగుంది. అంటే అంతా ఆ ఆవాసమేనా?

కాదు. హ్యాబిటాట్స్ డైరెక్టివ్ కింద దేశాలు ఆరేళ్లకోసారి ఇచ్చే నివేదికల మ్యాపులు ఇలా ఉంటాయి. గడి 100 చదరపు కిలోమీటర్లు. అందులో ఎక్కడో ఒక ఊట బుగ్గ ఉన్నా గడి మొత్తానికి రంగు పడుతుంది. ఆ మ్యాపు "ఈ గడిలో ఉంది" అని మాత్రమే చెబుతుంది. గడుల సంఖ్యను వందతో గుణించి విస్తీర్ణం అని రాసిన ప్రాజెక్ట్ రిపోర్టులు నేను చూశాను. విస్తీర్ణం అంకెలు ఆ నివేదికల్లోనే విడిగా ఉంటాయి, అవే తీసుకోండి.

కచ్చితత్వం 85 శాతం పైనే అని రాశారు. నమ్మొచ్చా?

ఏ వర్గానికి అని అడగండి. ఊరికే లెక్క కోసం ఒక ఉదాహరణ: వెయ్యి చోట్ల పరీక్షించారు. 900 చోట్ల అడవి, పొలం, 100 చోట్ల మిగతావి. అడవి, పొలాల్లో 850 సరిగ్గా వచ్చాయి. మిగతా వందలో పీట్ చిత్తడివి 20, అందులో సరిగ్గా వచ్చినవి 8. మొత్తం మీద కచ్చితత్వం 85 దాటిపోతుంది. మీకు కావాల్సిన చిత్తడికి మాత్రం 40 శాతం.

కన్‌ఫ్యూజన్ మ్యాట్రిక్స్, అంటే నేల మీద ఉన్నదాన్నీ మ్యాపు చెప్పినదాన్నీ పోల్చే పట్టిక, తెరిచి రెండు వైపులా చదవండి. నేల మీద ఉన్న చిత్తడిలో ఎంత మ్యాపులోకి వచ్చింది, మ్యాపులో చిత్తడి అన్నదాంట్లో ఎంత నిజం. అరుదైన ఆవాసాలకు ఈ రెండు అంకెలు ఇవ్వని మ్యాపును నేను నిర్ణయాలకు వాడను.

రెండు సంవత్సరాల మ్యాపులు ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మార్పు తెలుస్తుంది కదా?

తెలిసేది మార్పు, రెండు మ్యాపుల తప్పులు, మూడూ కలిసిన ముద్ద. గీత ఒక పిక్సెల్ జరిగినా అంచంతా మార్పులా కనిపిస్తుంది. అందుకే కోరిన్‌లో మార్పుల పొరను విడిగా, 5 హెక్టార్ల దాకా చూసి తయారుచేస్తారు. మార్పు కావాలంటే ఆ పొరే తీసుకోండి.

ఇంతకీ ఈ మ్యాపులు చెబుతున్న పరిస్థితి ఏంటి?

బాగాలేదు. 2013 నుంచి 2018 వరకు ఉన్న నివేదికల ప్రకారం, యూరోపియన్ యూనియన్‌లో కాపాడాల్సిన ఆవాసాల అంచనాల్లో 15 శాతమే మంచి స్థితిలో ఉన్నాయి. 81 శాతం పేలవంగా, లేదా అంతకంటే చెడ్డగా ఉన్నాయి. 2016లో వచ్చిన ఆవాసాల రెడ్ లిస్ట్‌లో అన్నిటికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నవి పీట్ చిత్తడులు, ఆ తర్వాత గడ్డి భూములు. నాచురా 2000 పేరుతో రక్షించే చోట్లు యూనియన్ నేలలో సుమారు 18 శాతం ఉన్నా ఇదీ స్థితి.

2024లో ప్రకృతి పునరుద్ధరణ చట్టం అమల్లోకి వచ్చింది. చెడిపోయిన ఆవాసాల్లో 2030 నాటికి 30 శాతం, 2040కి 60, 2050కి 90 శాతం బాగుచేసే చర్యలు మొదలుపెట్టాలి. ఎక్కడ ఎంత చెడిందో చెప్పే మ్యాపు లేకపోతే ఆ శాతాలు దేనిలో శాతమో చెప్పలేం. మ్యాపు వేసేవాళ్ల మీద ఇప్పుడున్న బరువు అది.

## మన వైపు చూస్తే

మన దేశానికి ఇలాంటి మ్యాపు ఉందా?

ముక్కలు ముక్కలుగా మంచి పని ఉంది. అడవులకు 1968 నాటి చాంపియన్, సేఠ్ వర్గీకరణ, 16 పెద్ద గుంపులతో, ఇప్పటికీ ఆధారం. భారతీయ ఉపగ్రహాల ఇమేజ్‌లతో దేశం మొత్తానికి 1:50,000 స్కేలులో వృక్షసంపద మ్యాపు తయారైంది. హైదరాబాద్ బాలానగర్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ నడిపే భువన్ పోర్టల్‌లో నేల వాడకం పొరలు ఎవరైనా చూడొచ్చు.

నా బాధ గడ్డి నేలల గురించి. మన దగ్గర అడవికి పేర్లున్నాయి, గడ్డికి లేవు. పొదలున్న మెట్ట నేల వేస్ట్‌ల్యాండ్ అట్లాస్‌లోకి వెళ్తుంది. నంద్యాల జిల్లా రోళ్లపాడు చూడండి. చెట్టు లేని గడ్డి మైదానం. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యమైంది. ఆ పిట్టకు కావాల్సింది అచ్చంగా చెట్లు లేని బయలే. అలాంటి నేలకు మనం రాసే మాట "బంజరు", "బీడు". ఆ మాట పడ్డాక అక్కడ చెట్లు నాటడమో, ప్లాంటు కట్టడమో మంచిపనిగా కనిపిస్తుంది. యూరప్‌లో వెలిసిపోయిన పచ్చికకి ఒక కోడ్, ఒక చట్టం దొరికాయి. మన మెట్ట గడ్డికి ముందు ఒక పేరైనా దొరకాలి.

కొల్లేరులో సరస్సు నీళ్లకీ చేపల చెరువుల నీళ్లకీ ఇమేజ్‌లో తేడా తెలుస్తుందా?

ఒక్క ఇమేజ్‌లో నీళ్లు నీళ్లే. ఏడాది ఇమేజ్‌లు పెట్టుకుంటే విడదీయొచ్చు. చెరువులకు గట్లు తిన్నగా, మూలలు చతురస్రంగా ఉంటాయి, ఎండాకాలంలో కూడా నీళ్లు నిండుగా పెడతారు. సరస్సు వానకి పొంగి, వేసవికి అంచులు లోపలికి జరుగుతాయి. అంచుల్లో తుంగ, కిక్కిస, గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుంటాయి. నీటి విస్తీర్ణం ఒక్కటే కొలిస్తే కొల్లేరు బాగున్నట్టే కనిపించవచ్చు, అందుకే అంచుల కదలిక చూడాలి.

నేను శాస్త్రవేత్తను కాను. ఇంట్లో కూర్చుని ఏమైనా చేయగలనా?

చేయగలరు. మ్యాపులు చూసి గీసే క్యూజీఐఎస్ ఉచిత సాఫ్ట్‌వేర్, సెంటినెల్ ఉపగ్రహాలు నడిపే యూరప్ కార్యక్రమం కోపర్నికస్ డేటా కూడా ఉచితం. మీరు యూరప్‌లో ఉంటే మీ ఊరి చుట్టూ ఉన్న కోరిన్ మ్యాపు తెరిచి, సెలవు రోజు ఆ చోట్లకు నడిచి వెళ్లి పోల్చి చూడండి. పుస్తకం చదివితే రానిది ఒక్క నడకలో వస్తుంది. మన రాష్ట్రాల్లో ఉంటే ఐనాచురలిస్ట్‌లోనో, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో ఫొటోలు పెట్టండి.

ఒక్క కోరిక. పువ్వు దగ్గరి ఫొటో ఒకటి తీశాక, రెండడుగులు వెనక్కి వేసి ఆ చోటు మొత్తం కనిపించేలా ఇంకొకటి తీయండి. నేల రంగు, పక్కన ఉన్న మొక్కలు, నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయో అందులో పడాలి. తేదీ, లొకేషన్ ఆన్‌లో ఉంచండి. మొదటి ఫొటో ఏ మొక్కో చెబుతుంది, రెండోది అది ఏ ఆవాసంలో ఉందో చెబుతుంది. మ్యాపు వేసేవాళ్లకు ఎప్పుడూ దొరకనిది ఆ రెండోదే.